విషయం: ‘పుస్తకప్రియుల పారిస్’ ప్యాకేజీలో ఫ్రెంచి నవల దొరకకపోవడం, చెల్లని కూపన్ గురించి

మేనేజరు గారికి,

నమస్కారం. మొన్న మే నెలలో మీరు తీసుకెళ్ళిన పారిస్ బృందంలో నేనూ ఉన్నాను. ‘పుస్తకప్రియుల ప్రత్యేకం’ అని పదిహేను వేలు అదనంగా కట్టినదాన్ని. మాది యానాం. మా నాన్నగారు ఫ్రెంచివాళ్ళ హయాంలో అక్కడి బళ్ళో చదువుకున్నారు. చిన్నప్పుడు ఆయన దగ్గర పట్టుబడ్డ నాలుగు ముక్కలకీ రిటైరయ్యాక దుమ్ము దులిపి, ఇప్పుడు నిఘంటువు పక్కన పెట్టుకుని నవల చదవగలుగుతున్నాను. ఈఫిల్ టవర్ ఎక్కకపోయినా ఫర్వాలేదు, ఫ్రెంచి నవలలు దొరికే షాపులు కావాలని మీ ఆఫీసులో అమ్మాయికి రెండుసార్లు చెప్పాను. “అన్నీ కవరవుతాయి మేడమ్” అంది.

ఏం కవరయ్యాయో చూడండి. ముందు నోత్రదామ్ చర్చి ఎదుట ఉన్న షేక్స్పియర్ అండ్ కంపెనీకి తీసుకెళ్ళారు. చూడదగ్గ చోటే, కాదనను. కానీ అది 1951లో ఒక అమెరికన్ తెరిచిన ఇంగ్లీషు పుస్తకాల షాపు. ఇంగ్లీషు నవలకైతే ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ సరిపోయేది కదండీ! తర్వాత సాన్ మిషెల్ కూడలి. మీ కాగితంలో రాసిన జిబేర్ జన్ పుస్తకాల షాపులు అక్కడ చాలావరకు 2021 మార్చిలోనే మూతపడ్డాయి. మీ గైడు మాత్రం ఫోను తిప్పుతూ “ఇక్కడే ఉండాలే” అని వెతుకుతూనే ఉన్నాడు.

సెన్ నది గట్టున ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్మే బుకినిస్టుల దగ్గర పదిహేను నిమిషాలు ఆపారు. ఒక్కొక్కరికీ నాలుగు పెట్టెలుంటే, ఒక్కదాంట్లోనే కీచైన్ల లాంటివి అమ్ముకోవచ్చని నగరపాలక సంస్థ నిబంధన. మీవాడు అందరినీ సరిగ్గా ఆ ఒక్క పెట్టె దగ్గరే నిలబెట్టాడు.

ఇక కూపన్ సంగతి. కొత్త పుస్తకాల మీద 20 శాతం తగ్గింపు అని మెరిసే స్టిక్కరు అంటించి మరీ ఇచ్చారు. హోటల్ పక్క సందులో ఒక చిన్న షాపులో నవల తీసుకుని కూపన్ కౌంటరు మీద పెట్టాను. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. తర్వాత పుస్తకం బోర్లించి, వెనక అట్ట మీద బార్‌కోడ్ పక్కన అచ్చేసిన ధర కింద బొటనవేలు పెట్టి, “అందరికీ ఇదే ధర, మదామ్” అన్నాడు, చాలా మర్యాదగా. వెనక లైన్లో నలుగురున్నారు. టికెట్ లేకుండా బస్సెక్కి పట్టుబడ్డట్టయింది నా పని.

ఫ్రాన్సులో కొత్త పుస్తకం ధర ప్రచురణకర్తే నిర్ణయిస్తాడు. 1981 ఆగస్టు 10న వచ్చిన చట్టం ప్రకారం షాపువాళ్ళు అయిదు శాతానికి మించి తగ్గించకూడదు. పెద్ద షాపుల పోటీకి చిన్నవాళ్ళు చితికిపోకుండా తెచ్చిన ఏర్పాటది, 1982 జనవరి నుంచి అమల్లో ఉంది. అంటే మీ కూపన్ పారిస్‌లో ఏ షాపులోనూ చెల్లదు. నలభై ఏళ్ళు దాటిన చట్టమండీ ఇది, నిన్నగాక మొన్న వచ్చింది కాదు.

చివరి రోజు సాయంత్రం మీ బృందాన్ని వదిలేసి, సాన్ మిషెల్ బులివార్ అనే పెద్ద వీధిలో ఉన్న జిబేర్‌కి (మూతపడ్డ జిబేర్ జన్ కాదు, ఇది వేరే షాపు) నడుచుకుంటూ వెళ్ళాను. అంతస్తుల కొద్దీ పుస్తకాలు. ఒకే అరలో కొత్త ప్రతి పక్కనే పసుపు స్టిక్కరుతో పాత ప్రతి. పాతవాటికి ఆ చట్టం వర్తించదు కాబట్టి బాగా చవక. పదకొండు నవలలు తెచ్చుకున్నాను. మీ కూడలి నుంచి అది నడిచి వెళ్ళేంత దూరమే!

అదనంగా తీసుకున్న పదిహేను వేలూ తిరిగి ఇప్పించండి. ఆ కూపన్ ఇంకెవరికీ అంటగట్టకండి. వచ్చే బృందానికైనా ఒక ఫ్రెంచి షాపులో రెండు గంటలు ఇవ్వండి, అదీ ఆదివారం కాకుండా. ఆ రోజు చాలా షాపులు తియ్యరు. రసీదు, కూపన్ నకళ్ళు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళతాను.

ఇట్లు,
మే బృందంలోని యానాం ప్రయాణికురాలు