సైలెన్సర్ కోస్తే పవర్ రాదు

సంపాదకులకు,

టూ స్ట్రోక్ బండి సైలెన్సర్‌కి బొక్కలు పెట్టినా, సగానికి కోసేసినా పవర్ పెరుగుతుందని కుర్రాళ్లు ఇంకా నమ్ముతున్నారు. పెరిగేది మోత ఒక్కటే (నేనూ ఒకప్పుడు కోసినవాణ్నే). ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్‌లోంచి పొగ బయటికి పోయే రంధ్రం) తెరిచి ఉండగానే కొత్తగా వచ్చిన పెట్రోలు మిశ్రమం కొంత బయటికి జారిపోతుంది. సైలెన్సర్‌లో పొట్ట ఉబ్బినట్టుండే భాగం, ఎక్స్‌పాన్షన్ చాంబర్, ఉన్నది అందుకే: వెడల్పయ్యే కోన్ పొగను బయటికి లాగుతుంది, ఆ తర్వాత సన్నబడే కోన్‌కి తగిలి వెనక్కొచ్చే ప్రెషర్ అల, పోర్టు మూసుకునే లోపు, జారిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. 1950ల్లో తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఎంజెడ్ కంపెనీ రేసు బండ్ల మీద దీనికి పదును పెట్టాడు.

లెక్క మరీ కష్టమేం కాదు. ఇంజన్ తిరిగే ఒక్కో చుట్టులో పోర్టు 180 డిగ్రీలు, అంటే సగం చుట్టు, తెరిచి ఉండి, అల వేగం సెకనుకు 500 మీటర్లనుకుంటే, పోర్టు నుంచి అల వెనక్కి తిరిగే చోటికి 8000 ఆర్‌పీఎంకైతే (నిమిషానికి 8000 చుట్లు) దాదాపు 94 సెంటీమీటర్లు కావాలి, 10000కైతే 75 చాలు. పొడవు తగ్గేకొద్దీ పవర్ పై ఆర్‌పీఎంకి జరిగిపోతుంది, కింద బండి నీరసిస్తుంది. చాంబర్ చివర పొగ బయటికి పోయే తోక గొట్టం మరీ సన్నగా పెడితే పిస్టన్ వేడెక్కి కరిగిపోవచ్చు కూడా.

మీ బండ్ల పేజీలో స్టిక్కర్ల కబుర్లు కాస్త తగ్గించి ఇలాంటివి బొమ్మతో సహా వెయ్యండి.

ఒక పాఠకుడు