గ్లాసు చేతికిచ్చారు, మాత్ర సంగతి అడగలేదు

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో షుగర్ ఉన్నవాళ్లు రాత్రిపూట ఒక గ్లాసు రెడ్ వైన్ నిశ్చింతగా తాగవచ్చని సగం పేజీ వ్యాసం వేశారు. దాని కిందే ‘ఆరోగ్యకరమైన’ రెడ్ వైన్ చికెన్ తయారీ కూడా ఇచ్చారు. ఎవరైనా డాక్టరు గారు ఖండిస్తారేమోనని చూస్తే ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఆ పేజీ ఫొటో మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. పేపర్లోనే వేశారు కదా అన్నది దానికి పూచీకత్తు!

వ్యాసంలో చెప్పిన ఇజ్రాయెల్ పరిశోధన నిజమైనదే. 2015లో ప్రచురించారు. టైప్ 2 డయాబెటిస్ ఉన్న 224 మందిని మూడు జట్లు చేసి, రెండేళ్లపాటు రాత్రి భోజనంతో ఒక జట్టుకు 150 మి.లీ. రెడ్ వైన్, ఇంకో జట్టుకు అంతే వైట్ వైన్, మూడో జట్టుకు మినరల్ వాటర్ ఇచ్చారు. తిండి మాత్రం మూడు జట్లకూ ఒకటే, మధ్యధరా తీరపు భోజనం. రెడ్ వైన్ తాగినవారిలో మంచి కొలెస్ట్రాల్ సుమారు 2 మిల్లీగ్రాములు పెరిగింది. మీ దగ్గరికొచ్చేసరికి ఆ రెండే ‘గణనీయమైన మేలు’ అయిపోయాయి. పరగడుపు షుగర్ తగ్గిన జట్టు ఏదంటే వైట్ వైన్ జట్టు. అది మీ శీర్షికకు నప్పలేదు కాబోలు, వదిలేశారు. అలవాటు లేనివాళ్లు షుగర్ కోసమని కొత్తగా తాగడం మొదలుపెట్టవద్దని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ స్పష్టంగా చెబుతోంది. ఏ మోతాదులోనైనా మద్యం సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఈ రెండింటికీ ఒక్క వాక్యం చోటు దొరకలేదు.

అంతకంటే పెద్ద లోపం ఒకటుంది. పాఠకుడు ఏ మాత్ర వేసుకుంటున్నాడో వ్యాసం అడగనే లేదు.

మన ఊళ్లలో షుగర్ చీటీల మీద తరచూ కనిపించే మందు గ్లిమెపిరైడ్. గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఆ కుటుంబానివే. రక్తంలో షుగర్ ఎంతుందో చూసుకోకుండానే ఇవి ప్యాంక్రియాస్ (క్లోమగ్రంథి) చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మామూలుగా షుగర్ పడిపోతే కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మద్యం కడుపులో పడ్డాక కాలేయం ముందు దాన్ని విరగ్గొట్టే పనిలో దిగుతుంది. గ్లూకోజు తయారీ మందగిస్తుంది. అందుకే రాత్రి తొమ్మిదింటికి తాగింది తెల్లవారుజామున మూడింటికి దెబ్బ తీయొచ్చు. ఆ ముప్పు 24 గంటల వరకూ ఉండొచ్చు. ఇన్సులిన్ వేసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, మాట తడబడటం, తూలడం... పక్కన వైన్ సీసా కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? తాగి పడుకున్నాడనుకుని దుప్పటి కప్పుతారు. షుగర్ బాగా పడిపోయినప్పుడు ఇచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ కూడా కాలేయంలో నిల్వ ఉన్న గ్లూకోజును బయటికి తెప్పించేదే కాబట్టి, మద్యం తాగిన మనిషిలో అది సరిగా పనిచేయకపోవచ్చు.

షుగర్ 70 కంటే తగ్గి, మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేయాలన్నది అందరికీ తెలిసిందే. ఇక్కడ ఇంకో చిక్కుంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు వోగ్లిబోస్ కూడా కలిపిన మాత్రలు మన దగ్గర విరివిగా అమ్ముడవుతాయి. వోగ్లిబోస్ చేసే పనే పంచదారను పేగులో త్వరగా విడిపోనివ్వకపోవడం. ఆ మాత్ర వేసుకున్న మనిషికి పంచదార, బెల్లం, చాక్లెట్ వేళకు అందవు. గ్లూకోజు పొడే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంత ముఖ్యమైన సంగతి మాత్రల అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో కూడా కనిపించదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోయే భయం తక్కువే గానీ, మద్యం మితిమీరితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు భోజనం మానేసి తాగితే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు, అదీ షుగర్ మామూలుగానే కనిపిస్తుండగా. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 500 దాటినవారు, ప్యాంక్రియాస్ వాపు వచ్చినవారు, కాలేయం దెబ్బతిన్నవారు, అరికాళ్లు తిమ్మిరెక్కి నరాలు దెబ్బతిన్నవారు గ్లాసు జోలికే పోకూడదు.

డాక్టరును అడిగాక కూడా తాగుతానంటే, లెక్క ఇది. గ్లాసంటే 150 మి.లీ. మన ఇళ్లలోని స్టీలు గ్లాసు అందుకు రెట్టింపు దాకా పడుతుంది. తీపి లేని రెడ్ వైన్ 150 మి.లీ.లో పిండిపదార్థం సుమారు 4 గ్రాములు, మద్యం 15 గ్రాములు, శక్తి 120 కేలరీల పైన. ఖాళీ కడుపుతో తాగకూడదు. పడుకునే ముందు షుగర్ చూసుకుని, 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని పడుకోవాలి. ఆ నాలుగు గ్రాములకు బెంగపడేవాళ్లు పక్కనున్న బిర్యానీ పళ్లేనికి బెంగపడకపోవడం ఇంకో విడ్డూరం. కప్పు అన్నంలోనే 45 గ్రాములుంటాయి. 750 మి.లీ. సీసాలో ఐదు గ్లాసులు. మూత తీశాక నాలుగైదు రోజుల్లో రుచి పోతుంది కాబట్టి, పారబోయడానికి చేతులు రాక ఒక గ్లాసు రెండవుతుంది. మీ వ్యాసకర్త ఈ సంగతి ఆలోచించినట్టు లేదు.

ఇక ఏ సీసా కొనాలి? యూరప్‌లో సాధారణంగా లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటేనే డ్రై అంటారు. తీపి వైన్ అయిన పోర్ట్ రకాల్లో లీటరుకు 100 గ్రాముల చుట్టూ ఉంటుంది. వైన్స్ షాపులో ఈ తేడా చెప్పేవారెవరు? లేబుల్ చూద్దామంటే, మద్యం సీసాల మీద పోషక వివరాలు వేయకూడదన్నది మన ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన నిబంధనే! మామూలు బిస్కెట్ పొట్లం తన చక్కెర లెక్క చెప్పి తీరాలి, వెయ్యి రూపాయల సీసా నోరు విప్పకూడదు. యూరప్‌లో 2023 డిసెంబరు నుంచి తయారయ్యే వైన్లకు కేలరీలు, దినుసులు తెలపడం తప్పనిసరి చేశారు. ఇక్కడ ఎక్సైజ్ ఆదాయం పైసలతో సహా లెక్క తేలుతుంది, లోపలి చక్కెర మాత్రం దేవరహస్యం.

వంటకం సంగతికొస్తాను. కిలో చికెన్‌కు అర లీటరు వైన్ పోసి, మూతపెట్టి 20 నిమిషాలు ఉడికిస్తే మద్యమంతా ఆవిరైపోతుందని రాశారు. పోదు. కలిపి పావుగంట ఉడికించాక సుమారు 40 శాతం, అరగంటకు 35, గంటకు 25, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతున్నాయి. అర లీటరులో 50 గ్రాముల మద్యం ఉందనుకుంటే, మీ 20 నిమిషాల కూరలో దాదాపు 20 గ్రాములు మిగిలే ఉంటుంది. నలుగురు తింటే తలకు 5 గ్రాములు, అంటే గ్లాసులో మూడో వంతు. ఆ నలుగురిలో పిల్లలుంటే? పైగా మూత పెడితే ఆవిరి మళ్లీ కూరలోకే దిగుతుంది. పులుపు విరగడానికి రెండు చెంచాల పంచదార, చిక్కదనానికి మైదా, డ్రై దొరక్కపోతే పోర్ట్ అట! అర లీటరు పోర్ట్‌లో 50 గ్రాముల చక్కెర. మరిగిస్తే నీళ్లు పోతాయి, చక్కెర పోదు.

సరిగా చేయాలంటే కిలోకు పావు లీటరు డ్రై వైన్ చాలు. వెడల్పాటి స్టీలు గిన్నెలో మూత లేకుండా వైన్ ఒక్కదాన్నే సగానికి మరిగించి, ఆ తర్వాతే వేయించిన ఉల్లిపాయలు, చికెన్ కలపాలి. అల్యూమినియం, ఇనుప మూకుళ్లలో పులుపు తగిలి రంగు నల్లబడుతుంది, లోహపు వాసన వస్తుంది. చిక్కదనానికి ఉడికిన ఉల్లిపాయ ముద్ద చాలు, మైదా అక్కర్లేదు. పెరుగులో నానబెట్టిన చికెన్‌లో పోస్తే విరుగుతుంది. ఉప్పు చివర్లోనే వేయాలి. ‘కుకింగ్ వైన్’ పేరుతో అమ్మేదాంట్లో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి బీపీ ఉన్నవారికి అది వద్దు. మద్యం అసలే పడనివారికి చికెన్ ఉడికిన నీళ్లలో చెంచాన్నర వెనిగర్ చాలు. ద్రాక్షరసం మాత్రం కాదు, పావు లీటరులో 35 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది.

మద్యం తీసేసిన వైన్ షుగర్‌కు మంచిదన్న చివరి పేరా మరీ ఘోరం. మద్యం పోయిన లోటు రుచికి తెలియకుండా వాటిలో చాలావరకు తీపి కలుపుతారు.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో డయాబెటిస్ పేరు ఉంది. అయినా ఆకుల పొడి, కషాయం ప్రకటనలు రోజూ వస్తూనే ఉన్నాయి, ఔషధ నియంత్రణ అధికారులకు మాత్రం కనపడవు. వ్యాసం పేరుతో వచ్చేదానికి ఆ చట్టం భయం కూడా లేదు. పత్రికల్లో ఆరోగ్య పేజీ డాక్టరు చూశాకే అచ్చవ్వాలి. ఇప్పుడు ఎవరు చూస్తున్నారో మీరే చెప్పాలి.

సవరణ వేస్తారనే ఆశిస్తున్నాను. వేస్తే లోపలి పేజీలో సంస్మరణ ప్రకటనల పక్కన రెండు అంగుళాల్లో కాకుండా అదే ఆదివారం పేజీలో, అదే సైజు అక్షరాల్లో, ఏ మాత్ర వేసుకునేవాళ్లు తాగకూడదో పేర్లతో సహా వేయండి.

– ఒక ఫార్మసిస్టు, హనుమకొండ