సముద్రపు ఎంజైమ్‌ల వెతుకులాటలో ఓరుగల్లు ప్రయోగశాలలకూ పని ఉంది

సంపాదకుల వారికి నమస్కారాలు.

కేంద్ర ప్రభుత్వం 2021లో 4,077 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ (లోతు సముద్రాల అన్వేషణ పథకం) గురించి రాసినప్పుడల్లా పత్రికల్లో ఖనిజాల ప్రస్తావనే ఎక్కువగా కనిపిస్తోంది. ఆ లోతుల నీటిలో బతికే సూక్ష్మజీవుల ఊసు, పరిశ్రమలకు పనికొచ్చే వాటి ఎంజైమ్‌ల (రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్ల) ఊసు అరుదు. సముద్రం మనకు దూరం కాబట్టి ఇది గోవా, విశాఖల వారు చూసుకోవలసిన పని అనే అభిప్రాయం మన ఉన్నత విద్యాసంస్థల్లోనూ ఉంది. బయోటెక్నాలజీ బోధించే వ్యక్తిగా ఆ అభిప్రాయాన్ని గట్టిగా కాదనడానికే ఈ లేఖ.

ఒక్క మిల్లీలీటరు సముద్రపు నీటిలో సుమారు 10 లక్షల బ్యాక్టీరియా ఉండవచ్చు. వాటిని అగార్ ప్లేట్ల (ఆహారం కలిపిన జెల్లీ పోసిన పళ్లేల) మీద పెంచబోతే సాధారణంగా నూటికి ఒకటి కూడా పెరగదు. అందుకే పెంచే ప్రయత్నం పక్కనపెట్టి, నీటిని సన్నటి ఫిల్టర్ గుండా పోనిచ్చి, దాని మీద చిక్కిన జీవులన్నింటి డీఎన్‌ఏనూ కలగలుపుగానే వెలికితీసి పరిశీలించే పద్ధతి వచ్చింది. దీనికి మెటాజీనోమిక్స్ అనే పేరు 1998 నుంచి వాడుకలో ఉంది. 2004లో అమెరికా శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ బృందం అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రపు నీటి నుంచి 12 లక్షలకు పైగా కొత్త జన్యువులను ప్రకటించింది.

అయితే జన్యువును చదివినంత మాత్రాన అది చేసే పని తెలియదు. కంప్యూటర్ కొత్త జన్యువును పాతవాటితో పోల్చి చూస్తుంది. పోలికే లేని ఎంజైమ్ దాని కంట పడదు. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే డీఎన్‌ఏ ముక్కలను ప్రయోగశాలలో తేలిగ్గా పెరిగే ఈ.కొలై బ్యాక్టీరియాలో చొప్పించి, ట్రైబ్యూటిరిన్ అనే కొవ్వు కలిపిన ప్లేట్ల మీద వేల కాలనీలుగా పెంచి, ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. పాలలా తెల్లగా మసకబారి ఉన్న ఆ ప్లేటు మీద ఎక్కడో ఒక కాలనీ చుట్టూ తేటగా వలయం ఏర్పడిందంటే, కొవ్వును విడగొట్టే లైపేజో ఎస్టరేజో అక్కడ పనిచేస్తోందని అర్థం. వెన్న తీసిన పాలపొడి కలిపిన ప్లేట్ల మీద ప్రోటీన్లను విడగొట్టే ప్రోటియేజ్‌లనూ ఇలాగే గుర్తించవచ్చు. పరాయి జన్యువులన్నింటినీ ఈ.కొలై పనిచేయించలేదు కనుక చాలా ప్లేట్లు ఏమీ చూపించవు. ఓపిక పట్టవలసింది అక్కడే. ఈ దశకు ఓడలు అక్కర్లేదు. ఇంక్యుబేటరు, ఆటోక్లేవు (ఆవిరితో క్రిములను చంపే పరికరం), శ్రద్ధగల ఎమ్మెస్సీ విద్యార్థులు ఉంటే చాలావరకు పని జరుగుతుంది.

దీని అవసరం మన ఇంటి ముందే ఉంది. కొత్తవాడలో, సిరిసిల్లలో, గీసుగొండ–సంగెం ప్రాంతంలోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో బతుకుతెరువంతా నూలూ బట్టా మీదే. పడుగుకు పట్టించిన గంజిని నేత పూర్తయ్యాక, గంజిని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్‌తో తొలగించే పద్ధతి జౌళి పరిశ్రమలో ఉన్నదే. అందుకు నీటిని వేడి చేయడానికి ఇంధనం ఖర్చవుతుంది. నూలుకు రియాక్టివ్ రంగులు (పోగుకు రసాయనికంగా అతుక్కునే రంగులు) అద్దేటప్పుడు ఉప్పు పెద్ద మోతాదులో వాడతారు, ఆ ఉప్పునీటిలో మామూలు ఎంజైమ్‌లు చాలావరకు మందగిస్తాయి. ఉప్పునీటిలో, లోతుల చలిలో బతికే జీవుల ఎంజైమ్‌లలో కొన్నయినా ఎక్కువ వేడి లేకుండానూ, ఉప్పులోనూ పనిచేయగలవని ఆశించడానికి శాస్త్రపరమైన కారణం ఉంది. ప్లేటు మీద కనబడిన ఎంజైమ్ మరునాడే మిల్లుకు చేరదన్నది నిజమే. దాని నిలకడ, దిగుబడి, ధర తేలడానికి ఏళ్లు పడతాయి. ఆ ఏళ్ల లెక్క మనం పని మొదలుపెట్టిన రోజు నుంచే కదా!

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం, కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్ నిట్ కలిసి ఒక ఉమ్మడి ఎంజైమ్ పరీక్షా కేంద్రాన్ని నెలకొల్పాలని కోరుతున్నాను. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థతో ఒప్పందం చేసుకుని నమూనాల డీఎన్‌ఏను తెప్పించుకోవాలి. జిల్లాల డిగ్రీ, పీజీ కళాశాలల విద్యార్థులకు ఈ ప్లేట్ల పరీక్షనే ప్రాజెక్టుగా ఇవ్వాలి. దొరికిన ఎంజైమ్‌లను ముందుగా మన అద్దకం యూనిట్లలోని నీటితోనే పరీక్షించాలి.

– ఒక బయోటెక్నాలజీ అధ్యాపకుడు, హనుమకొండ