కమ్యూనిటీ కాలేజీల మరో బాధ్యత

సంపాదకులకు,

అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలను మన పత్రికలు తక్కువ ఫీజుతో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే దారిగానే పరిచయం చేస్తుంటాయి. అయితే అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఈ కాలేజీలను విస్తరించాలని సూచించినప్పుడు, తన నివేదిక శీర్షికలోనే ఉన్నత విద్యను అమెరికా ప్రజాస్వామ్యంతో ముడిపెట్టింది. విద్యార్థులను ఊరి వ్యవహారాల్లో పాలుపంచుకునే పౌరులుగా తయారుచేయడం కూడా ఈ కాలేజీల బాధ్యతే.

ఈ విద్యార్థుల్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్‌గా చదువుతూ, చుట్టుపక్కలే ఉద్యోగం చేసుకుంటూ, చదువయ్యాక కూడా చాలావరకు అక్కడే స్థిరపడతారు కనుక, నగర కౌన్సిల్, స్కూల్ బోర్డు తీసుకునే నిర్ణయాలు వాళ్ల బస్సు వేళలనూ పిల్లల చదువునూ నేరుగా తాకుతాయి. హాస్టల్లో నాలుగేళ్లుండి వెళ్లిపోయే విద్యార్థికి ఆ ఊరితో ఇంత పని ఉండదు. కానీ డ్యూటీ దిగి సాయంత్రం క్లాసుకు పరుగెత్తుకొచ్చే మనిషిని పౌర విషయాలపై మధ్యాహ్నపు చర్చాగోష్ఠికి రమ్మంటే ఎలా వస్తాడు? అందుకే ఈ పౌర శిక్షణ పాఠంలోనే కలవాలి. గణాంకశాస్త్రం క్లాసులో తమ నగర బడ్జెట్‌నే లెక్కగా ఇవ్వవచ్చు. రచనా తరగతిలో, కౌన్సిల్ ముందు మూడు నిమిషాల్లో చదవదగిన వినతిని రాయించవచ్చు.

విద్యార్థులకు ఓటరు నమోదు పత్రాలు అందించేందుకు కాలేజీలు చిత్తశుద్ధితో ప్రయత్నించాలని అమెరికాలో 1998 నాటి ఉన్నత విద్యా చట్ట సవరణ చెబుతోంది. ఈమెయిల్‌లో ఓ లింకు పంపి చేతులు దులుపుకుంటే నిబంధన నెరవేరుతుందేమో గానీ, తొలిసారి ఓటేసేవారి సందేహాలు తీరవు. రాజకీయం అంటగడతారన్న జంకు అధ్యాపకులకు ఉండటం సహజమే. పత్రం ఎలా నింపాలో చెప్పడం మాత్రం ఏ పార్టీ ప్రచారమూ కాదు.

– ఒక పాఠకుడు