దుబ్నో సాక్షి మాటలు తెలుగులో రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు తరచుగా మృతుల సంఖ్యతోనే ఆగిపోతున్నాయి. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. నాజీలు చంపిన యూదులు అరవై లక్షలు అని బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని పేజీ తిప్పేసేవారు. హెర్మన్ గ్రేబె వాంగ్మూలం చదివి వినిపించాకే ప్రశ్నలు మొదలయ్యాయి.

గ్రేబె జర్మనే. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఉక్రెయిన్‌లో ఒక నిర్మాణ కంపెనీ పనులు చూసేవాడు. 1942 అక్టోబర్ 5న అక్కడి దుబ్నో పట్టణ విమానాశ్రయం దగ్గరున్న తమ పనిచోటికి వెళ్లినప్పుడు, మట్టిదిబ్బల వెనక గోతుల దగ్గర యూదు కుటుంబాలను కాల్చి చంపడం కళ్లారా చూశాడు. బట్టలు విప్పించి, జోళ్లు, పైబట్టలు, లోబట్టలు వేరువేరుగా పెట్టించారు. జోళ్లే 800 నుంచి 1000 జతలు ఉంటాయని ఆయన అంచనా. తల నెరిసిన ముసలావిడ ఏడాది బిడ్డను ఎత్తుకుని, పాట పాడుతూ చక్కిలిగింతలు పెడుతుంటే ఆ బిడ్డ కేరింతలు కొట్టింది. ఒక తండ్రి పదేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని, ఆకాశం వైపు చూపించి, తల నిమురుతూ ఏదో చెబుతుంటే ఆ పిల్లవాడు కన్నీళ్లు ఆపుకుంటున్నాడు. నల్లజుట్టు అమ్మాయి ఒకతె గ్రేబె పక్కనుంచి నడిచిపోతూ, తనను చూపించుకుని '23 ఏళ్లు' అంది. కాల్చేవాడు గోతి అంచున కాళ్లు వేలాడేసుకుని సిగరెట్ తాగుతున్నాడు.

'ఆ నాన్న పైకి చూపించి ఏం చెప్పాడు మాస్టారూ?' అని అడిగిన పిల్లవాడికి ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

చూసినదంతా గ్రేబె 1945 నవంబర్‌లో ప్రమాణం చేసి రాసిచ్చాడు. 1946 జులైలో, నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో బ్రిటన్ ప్రధాన ప్రాసిక్యూటర్ హార్ట్‌లీ షాక్రాస్ తన ముగింపు వాదనలో ఆ మాటలనే చదివి వినిపించాడు. సొంత దేశంలో మాత్రం గ్రేబెను వెలివేసినట్టు చూశారు. 1948లో ఆయన అమెరికా వెళ్లిపోయాడు. తన దగ్గర పనిచేసిన యూదులను కాపాడినందుకు 1965లో ఇజ్రాయెల్‌లోని యూదుల మారణహోమ స్మారక సంస్థ యాద్ వాషెమ్ ఆయనను గౌరవించింది.

దయచేసి ఆ వాంగ్మూలాన్ని మీ ఆదివారం అనుబంధంలో తెలుగులో పూర్తిగా ప్రచురించండి. శవాల ఫొటోలు అక్కర్లేదు, ఆయన వాడని విశేషణం ఒక్కటీ చేర్చవద్దు. తరగతి కోసం నేను చేసుకున్న అనువాదం నోట్‌బుక్‌లో ఉంది. అడిగితే శుద్ధప్రతి రాసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తెనాలి