రెండు రోజుల ప్రయాణానికి బ్యాగు కొనే ముందు

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో మన ఉత్తరాంధ్రలో చూడదగిన చోట్ల గురించి ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఎంతో ఉపయోగకరంగా ఉంది. అయితే అందులో సామాను ప్రస్తావన ఒక్క వాక్యంతో ముగిసింది. చక్రాల పెట్టె వెంట ఉంటే శ్రమ ఉండదని రాశారు. విమానాశ్రయంలోని నున్నటి గచ్చు మీద ఆ మాట నిజమే గానీ మన జిల్లాల ప్రయాణాలు అలా సాగవు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ రైలు దిగినవారు పట్నం చేరాలంటే సామానుతో సహా ఆటోలోనో బస్సులోనో ఇంకా పది కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళాలి. రామతీర్థంలో బోడికొండ ఎక్కాలన్నా, శాలిహుండం బౌద్ధ శిథిలాలు చూడాలన్నా, బొర్రా గుహల్లోకి దిగాలన్నా మెట్లూ ఎగుడుదిగుళ్ళూ తప్పవు. పల్లె వెలుగు బస్సులో నిలబడడానికే చోటు దొరకని రోజున పెట్టెకు చోటెక్కడిది? ఒకటి రెండు రాత్రుల ప్రయాణానికి రెండు భుజాలకూ తగిలించుకునే బ్యాగే మనకు తగినది. కానీ దాన్ని మనం కొంటున్న తీరు, దుకాణాల్లో అమ్ముతున్న తీరు మారాలన్నది నా మనవి.

డిగ్రీ కళాశాల అధ్యాపకురాలిగా విద్యార్థులను విహారయాత్రలకు తీసుకువెళ్ళే బాధ్యత తరచూ నా మీద పడుతుంది. శాలిహుండం కొండ ఎక్కేటప్పుడు వాళ్ళ వెనక నడిస్తే చాలు, ఎవరి బ్యాగు సరిపోయిందో, ఎవరిది సరిపోలేదో తెలిసిపోతుంది. సరిపోని బ్యాగు పిరుదుల మీదికి జారి అడుగడుగునా కొడుతూ ఉంటుంది. మోసే పిల్ల రెండు బొటనవేళ్ళూ భుజం పట్టీల కింద దూర్చి, మెడ ముందుకు చాచి, వంగి నడుస్తుంది. పైకి చేరాక బ్యాగు దించితే భుజాల మీద పట్టీల అచ్చు ఎర్రగా కనిపిస్తుంది. అంతా చేస్తే లోపలి బరువు అయిదారు కిలోలకు మించదు. బరువు ఎక్కువై కాదు, అది వీపు మీద ఉండవలసిన చోట లేకపోవడం వల్లనే ఈ అవస్థ.

బ్యాగుకు సరిపోవలసింది మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు. ఒకే ఎత్తున్న ఇద్దరికి వీపు పొడవు వేరుగా ఉండవచ్చు. దాన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. తల కిందికి వంచితే మెడ అడుగున చేతికి తగిలే ఎముక బుడిపె ఒక కొస. రెండు చేతులూ నడుం పక్కల తుంటి ఎముకల మీద ఆనించి, బొటనవేళ్ళను వెనక్కి చాచినప్పుడు అవి వెన్ను మీద సూచించే చోటు రెండో కొస. ఈ రెంటి మధ్య దూరాన్ని టేపుతో ఇంకొకరి చేత కొలిపించుకోవాలి. పెద్దల్లో చాలామందికి ఇది 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. బ్యాగు వీపు భాగం అంతకంటే బాగా పొడవైతే అడుగు పిరుదులకు తగులుతుంది, బాగా పొట్టిదైతే నడుం పట్టీ పొట్ట మీదికి వస్తుంది. లోపలి చోటు 20 లీటర్లు ఉన్న చిన్న బ్యాగుకు నడుం పట్టీ లేకపోయినా గడుస్తుంది. 30 లీటర్లు దాటితే మాత్రం మెత్తతో కూడిన వెడల్పాటి నడుం పట్టీ ఉండి తీరాలి. అది బిగించినప్పుడు బరువులో చాలా భాగం భుజాల మీది నుంచి తుంటి ఎముకల మీదికి దిగుతుంది. భుజం పట్టీలు రెంటినీ ఎదురు రొమ్ము మీద కలిపే చిన్న పట్టీ ఉంటే అవి భుజాల మీంచి జారవు. భుజాలు సన్నగా ఉండే ఆడవారికి ఈ చిన్న పట్టీ ఎంతో సుఖం.

ఇక పరిమాణం సంగతి. రెండు రాత్రులకు 25 నుంచి 30 లీటర్ల బ్యాగు పెద్దలకు సరిపోతుంది. నాలుగు రోజులు ఉండవలసి వచ్చినా, మధ్యలో ఒకసారి బట్టలు ఉతికి ఆరేసుకోగలిగితే 35 లీటర్లు దాటనవసరం లేదు. చీటీ మీది అంకెను నమ్మడం కంటే కొలుచుకోవడం మేలు. పొడవు, వెడల్పు, లోతులను సెంటీమీటర్లలో గుణించి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 45 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. లోతు ఉన్న బ్యాగు 27 లీటర్లది. మూలలు గుండ్రంగా ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. మనవాళ్ళు అవసరానికి మించిన బ్యాగు కొనడానికి ఒక కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. చుట్టాలింటికి ఒట్టి చేతులతో వెళ్ళం, వచ్చేటప్పుడు వాళ్ళూ ఒట్టి చేతులతో పంపరు. పలాస జీడిపప్పు, ఆవకాయ సీసా, పెరట్లో కాసిన కూరగాయలు అన్నీ తిరుగు ప్రయాణంలో చేరతాయి. అందుకోసం మడిచిన గుడ్డ సంచి ఒకటి బ్యాగు అడుగున ఉంచుకుంటే చాలు. చోటుంటే నింపకుండా ఉండలేం కాబట్టి, పెద్ద బ్యాగు ఉన్నవారు రెండు రోజులకు కూడా అయిదు జతల బట్టలు సర్దుతారు.

బడి సంచి బరువు పిల్లల శరీర బరువులో 10 శాతానికి మించరాదని కేంద్ర విద్యాశాఖ 2020 నాటి విధానం చెబుతోంది. పెద్దలకు అలాంటి నియమం లేకపోయినా, మోకాళ్ళ నొప్పులున్నవారు, వయసు మళ్ళినవారు ఆ హద్దులోనే ఉండడం మంచిది. లీటరు నీళ్ళ సీసా ఒక్కటే కిలో బరువని గుర్తుంచుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడే కిలోన్నర తూగే బ్యాగులు బజారులో ఉన్నాయి, వాటి జోలికి పోకపోవడమే మంచిది. సర్దేటప్పుడు బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని, నడిమి ఎత్తున ఉండాలి. బరువంతా బయటి జేబులో చేరితే బ్యాగు వెనక్కి లాగుతుంది.

గట్టితనం గురించి నాకు ఎక్కువ నేర్పినది విజయనగరం గంటస్తంభం దగ్గర బ్యాగులు బాగుచేసే ఒక పెద్దాయన. ఆయన దగ్గరికి వచ్చేవాటిలో గుడ్డ చిరిగినవి తక్కువ. భుజం పట్టీ పైన కుట్టు ఊడినవి, జిప్పు పాడైనవే ఎక్కువ. పట్టీ బ్యాగుతో కలిసే చోట ఒంటి వరస కుట్టు ఉందా, అడ్డంగా దగ్గరదగ్గరగా గట్టి కుట్లు వేశారా అని వేలితో తడిమి చూడమంటారాయన. జిప్పు మూసినా పళ్ళు విచ్చుకుంటుంటే చాలాసార్లు తప్పు పళ్ళది కాదు, వాటి మీద అటూ ఇటూ జరిగే, అరిగి వదులైన రన్నర్‌ది. పట్టుకారుతో రన్నర్‌ను రెండు వైపులా కొద్దిగా నొక్కి ఆయన ఎన్నో జిప్పులను మళ్ళీ పనిచేయించడం నేను చూశాను. చాలా రన్నర్ల వెనక 5, 8, 10 వంటి అంకె పోసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ జిప్పు వెడల్పు పెరుగుతుంది. బ్యాగులోని పెద్ద అర జిప్పు 8 లేదా 10 అయితే నిశ్చింత. గుడ్డ విషయంలో 600 డెనియర్ పాలిస్టర్ మన అవసరాలకు చాలు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్కే డెనియర్. అది దారం లావునే చెబుతుంది తప్ప కుట్టు మంచిచెడ్డలను చెప్పదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరాన కురిసే వానలకు పైన తొడిగే కవరు ఒక్కటే ఆగదు, వీపు వైపు నుంచి తడి దిగుతుంది. నీటిని తట్టుకుంటుందని రాసిన గుడ్డయినా కుట్ల రంధ్రాల గుండా నీళ్ళు పోతాయి. బట్టలను ముందుగా ఒక మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, ఆ సంచిని బ్యాగులో ఉంచితే చౌకలో పని జరుగుతుంది. తిరిగి వచ్చాక బ్యాగును తడితో అటక మీద పడేయకూడదు. ఈ ఉక్క గాలికి లోపలి పూత జిగురెక్కి పొరలు పొరలుగా ఊడివస్తుంది. నీడలో బాగా ఆరనివ్వాలి.

విశాఖపట్నం నుంచి విమానంలో వెళ్ళేవారికి ఒక్క మాట. మన దేశీయ విమానాల్లో చేతి సామాను సాధారణంగా 7 కిలోలకు పరిమితం, 55×35×20 సెంటీమీటర్ల లోపు బ్యాగు అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి కాబట్టి దాన్ని తేలిగ్గా తీయగలిగే జేబులో పెట్టుకోవాలి.

ఇంతా తెలిసిన కొనుగోలుదారుకు కూడా మన దుకాణాల్లో బ్యాగును పరీక్షించే వీలు లేదు. లోపల కాగితపు ఉండలు కూరి, దూది మూటలా తేలిగ్గా ఉన్న బ్యాగును ఒక నిమిషం భుజాన వేసి చూపిస్తారు. అలా చూస్తే ప్రతి బ్యాగూ సుఖంగానే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వర్తకులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అయిదు కిలోల బియ్యం సంచి ఒకటి దుకాణంలో ఉంచి, అడిగినవారికి దాన్ని బ్యాగులో వేసి, పట్టీలు సరిచేసి, పది నిమిషాలు అటూ ఇటూ నడవనివ్వాలి. ప్రతి బ్యాగు మీద ధరతో పాటు ఖాళీ బరువును, వీపు భాగం పొడవును చీటీ మీద రాయాలి. కొనేవారు కూడా మొహమాటపడకుండా ఈ రెండూ అడగాలి. మీ ప్రయాణాల పేజీలో స్థల విశేషాలతో పాటు అక్కడ ఎన్ని మెట్లు ఎక్కాలో, బస్సు దిగాక ఎంత దూరం నడవాలో, సామాను భద్రపరిచే గది ఉందో లేదో కూడా ప్రచురిస్తే, ఎంత బ్యాగు తీసుకువెళ్ళాలో పాఠకులు ఇంటి దగ్గరే నిర్ణయించుకోగలుగుతారు. సంక్రాంతి కొనుగోళ్ళు మొదలయ్యేలోగా ఈ సంగతిని వర్తకుల దృష్టికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక అధ్యాపకురాలు,
విజయనగరం