రాత్రి పన్నెండుకి ఏఎమ్మా, పీఎమ్మా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో దరఖాస్తుల గడువులు వేసే చోట "20వ తేదీ 12 ఏఎం వరకు" అని వేస్తుంటారు కదా, ఈ ఉత్తరం దాని గురించే. ఇంత చిన్నదానికి ఉత్తరమా అనుకుంటారేమో, కానీ దీని దెబ్బ మా ఇంట్లో తగిలింది కాబట్టి రాయక తప్పట్లేదు.

మా చెల్లెలు ఇంటర్వ్యూకని బస్సు టికెట్ బుక్ చేసుకుంది, టికెట్ మీద 14వ తేదీ 12:20 ఏఎం అని ఉంది. 14 రాత్రి భోంచేసి, బ్యాగు సర్దుకుని పదకొండున్నరకే వెళ్ళి నిలబడ్డాం. పన్నెండున్నర అయింది, బస్సు లేదు, అక్కడి కుర్రాడికి ఫోన్లో టికెట్ చూపిస్తే ఒకసారి చూసి, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూసి "అన్నా, ఇది నిన్న రాత్రి బండి కదా" అన్నాడు. అంటే 13 రాత్రి మేం హాయిగా గురకపెట్టి నిద్రపోతుంటే ఆ బస్సు మా చెల్లెలి సీటు ఖాళీగా వేసుకుని వెళ్ళిపోయిందన్నమాట. ఇంటికొచ్చే దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు, ఎందుకంటే ముందురోజు టికెట్ చూసి "రేపు రాత్రికి కదా, ఇంకా బోల్డు టైముంది" అన్నది నేనే.

తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ మనం మాట్లాడుకునేటప్పుడు 13 రాత్రి పన్నెండున్నర అంటే అది 13 రాత్రే, తెల్లారితేనే 14. గడియారం అలా అనుకోదు, పన్నెండు కొట్టగానే తేదీ మార్చేస్తుంది. "శనివారం అర్ధరాత్రి" అని మీ వార్తల్లో వచ్చినా నాకు ఇదే తికమక, శుక్రవారం పడుకున్న రాత్రా, శనివారం పడుకున్న రాత్రా?

అసలు ఈ ఏఎం, పీఎం ఏంటో అప్పుడు కూర్చుని చదివా. చిన్నప్పుడు మాకు ఆఫ్టర్ మిడ్‌నైట్, పాస్ట్ మిడ్‌డే అని గుర్తు పెట్టుకోమన్నారు, లెక్క ఏదో కుదురుతుంది గానీ ఏఎం, పీఎం అసలు ఇంగ్లీషు మాటలే కావు, లాటిన్. యాంటే మెరిడియెమ్ అంటే మధ్యాహ్నానికి ముందు, పోస్ట్ మెరిడియెమ్ అంటే మధ్యాహ్నం తర్వాత. లాటిన్లో మధ్యాహ్నాన్ని మెరిడియెస్ అంటారు, అందులో ఉన్నవి మధ్య, రోజు అనే రెండు మాటలే. మన మధ్యాహ్నంలోనూ అవే రెండు, మధ్య, అహ్నం! పూర్వాహ్నం, అపరాహ్నం అని మన దగ్గర పంచాంగంలో ఏఎం, పీఎం లాంటి మాటలే ఉన్నాయి, మామూలు మాటల్లో ఎవరూ వాడట్లేదంతే.

ఇప్పుడు చిక్కు చూడండి. సరిగ్గా మధ్యాహ్నం 12 అనేది మధ్యాహ్నానికి ముందూ కాదు, తర్వాతా కాదు, మరి దానికి ఏది పెడతారు? అర్ధరాత్రి 12 అయితే గడిచిన మధ్యాహ్నానికి 12 గంటలు తర్వాత, రాబోయే మధ్యాహ్నానికి 12 గంటలు ముందు, కాబట్టి రెండూ పెట్టొచ్చు. డిజిటల్ గడియారాలు మధ్యాహ్నాన్ని పీఎం అని, అర్ధరాత్రిని ఏఎం అని చూపిస్తాయి, 12 దాటాక ఒక్క సెకను గడిచినా అదే కదా అని. సరే, అలవాటైపోయింది, కానీ అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం వాళ్ళ స్టైల్ మాన్యువల్లోనే 2008 ఎడిషన్ వచ్చేదాకా మధ్యాహ్నం 12కి ఏఎం, అర్ధరాత్రికి పీఎం అని ఉండేది, ఆ తర్వాత తిరగేశారు. వాళ్ళకే అంత గందరగోళం ఉంటే నేనెంత! అక్కడే టైమూ కొలతలూ చూసే ప్రభుత్వ సంస్థ నిస్ట్ అయితే 12కి అసలు ఈ రెండూ వాడొద్దని, తేడా రాకూడదంటే 11:59 పీఎం అనో 12:01 ఏఎం అనో రాసుకోమని చెప్తుంది. అక్కడ ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు 12:01 ఏఎంకి మొదలయ్యేది అందుకే. రైళ్ళ టైముల్లో 24 గంటల లెక్క వాడేదీ ఈ గొడవ లేకుండా ఉండాలనే, 00:20 అని చూస్తే కనీసం ఒక క్షణం ఆగి ఆలోచిస్తాం.

ఇంకో సంగతి, నవ్వొచ్చింది కాబట్టి రాస్తున్నా. మొన్న మీ పేపర్ ఒకే పేజీలో పైన "పీఎం పర్యటన", పక్కన గాలి కాలుష్యం వార్తలో "పీఎం 2.5 పెరిగింది", కింద ఒక కేసులో "పీఎం రిపోర్టు రావాల్సి ఉంది", ప్రకటనలో "5 పీఎం లోపు". ప్రధాని, 2.5 మైక్రాన్లు లేదా అంతకన్నా సన్నటి ధూళి, పోస్ట్‌మార్టం, సాయంత్రం, నాలుగింటికీ రెండే అక్షరాలు. మా అబ్బాయికి ఐదోది కూడా ఉంది, "నాకు పీఎం చెయ్" అంటాడు, పర్సనల్‌గా మెసేజ్ పెట్టమని. సందర్భాన్ని బట్టి ఇవన్నీ తెలిసిపోతాయి లెండి, వాటితో నాకు పేచీ లేదు. ఆ పన్నెండు దగ్గరే సందర్భం చూసినా తెలియట్లేదు.

అందుకే అడిగేది ఇంతే. తెలుగులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, తెల్లవారుజాము అని ఇన్ని మాటలుండగా, గడువు వేసేటప్పుడు మధ్యాహ్నం 12 అయితే మధ్యాహ్నం 12 అని వేయండి. అర్ధరాత్రి అయితే "19 రాత్రి 11:59" అని వేయండి, లేదా "19 రాత్రి, తెల్లవారితే 20" అనండి. ప్రకటన ఇచ్చినవాళ్ళు 12 ఏఎం అని రాసిస్తే ఏ రాత్రో ఒకసారి ఫోన్ చేసి అడిగి వేయండి. 20వ తేదీ అని వేసిన ఆ ప్రకటన మా చెల్లెలు కూడా కత్తిరించి పెట్టుకుంది, గడువు 19 రాత్రా 20 రాత్రా అని నన్నడిగింది, ఈసారి నేను నోరెత్తలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు